రెండేళ్ల పిల్లలు నడవడానికి నగరంలో చోటెక్కడ?

సంపాదకుల వారికి,

నమస్కారం. పసిపిల్లల చేతికి సెల్‌ఫోన్ ఇవ్వవద్దని హెచ్చరిస్తూ మీ పత్రికలో తరచుగా వ్యాసాలు వస్తున్నాయి. ఇంటిపని తెమలడం కోసమో, నాలుగు ముద్దలు తినిపించడం కోసమో తల్లులు రెండేళ్ల పిల్లలకు ఫోన్ అలవాటు చేస్తున్నారన్నది వాటి సారాంశం. అందులో వైద్యులు చెప్పే సలహాతో నాకు పేచీ లేదు. అయితే ఆ సలహాకు మూలమైన పత్రంలో మరో సగం కూడా ఉంది. దాన్ని మన పత్రికలు, టీవీ చర్చలు దాదాపుగా వదిలేస్తున్నాయి. వదిలేసిన ఆ సగం గురించి రాయాలనిపించి ఈ ఉత్తరం రాస్తున్నాను.

ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019 ఏప్రిల్‌లో అయిదేళ్లలోపు పిల్లల కదలికలు, కూర్చుని గడిపే సమయం, నిద్ర అనే మూడింటిపై మార్గదర్శకాలు ప్రకటించింది. రెండేళ్ల పిల్లలు తెర ముందు గడిపే సమయం రోజుకు గంట మించరాదని, అంతకంటే తగ్గితే మరీ మంచిదని అందులో ఉంది. పిల్లల వైద్యుల సంఘమైన ఇండియన్ అకాడమీ ఆఫ్ పీడియాట్రిక్స్ 2021లో ఇచ్చిన సూచనలు కూడా ఇంచుమించు ఇవే. ఇంతవరకు అందరూ రాస్తున్నారు. అదే పత్రంలో, ఈ మాటకు ముందూ వెనుకా, ఈ వయసు పిల్లలు రోజు మొత్తం మీద కనీసం 180 నిమిషాలు ఏదో ఒక రకంగా కదులుతూ ఉండాలని, తోపుడు బండిలోనో ఎత్తు కుర్చీలోనో పెద్దల వీపు మీదనో కదలకుండా ఒకేసారి గంటకు మించి ఉంచరాదని, పగటి కునుకుతో కలిపి 11 నుంచి 14 గంటల నిద్ర ఉండాలని కూడా రాశారు. నిద్రకు 12 గంటలు తీసేస్తే మిగిలేవి 12 గంటలు. అందులో మూడు గంటలు, అంటే మెలకువగా ఉన్న కాలంలో నాలుగో వంతు, ఆ పిల్ల నడవాలి, ఎక్కాలి, దిగాలి, పరుగెత్తాలి. ఈ మూడు గంటలు హైదరాబాద్‌లో ఎక్కడ గడపాలో చెప్పేవారు ఎవరూ లేరు.

నేను రోడ్లు, భవనాల కొలతలతో ముడిపడిన ఉద్యోగం చేసి రిటైరైనవాడిని. మా అమ్మాయి, అల్లుడు ఇద్దరూ ఉద్యోగాలకు వెళ్తారు కనుక రెండేళ్ల మనవరాలిని పగలంతా చూసుకునే పని నేను, నా భార్య పంచుకున్నాం. నగరంలో మాలాంటివారు ప్రతి అపార్ట్‌మెంటులోనూ ఉన్నారు. సొంత ఊళ్లో ఇంటికి తాళం వేసి వచ్చినవారు కొందరు, వియ్యాలవారితో ఆర్నెల్లకోసారి వంతులు మార్చుకునేవారు కొందరు. పదింటికి పిల్లను చంకనేసుకుని గేటు దగ్గర నిలబడినప్పుడు మేమందరం ఒకరినొకరం అడుగుకునే ప్రశ్న ఒకటే: ‘ఇప్పుడు ఎటు తీసుకెళ్దాం?’

రెండేళ్ల పిల్ల నడకను దగ్గరి నుంచి గమనించనివారికి మూడు గంటలన్న లెక్క అతిగా తోచవచ్చు. ఈ వయసులో పిల్లల ఎత్తు సగటున 86 సెంటీమీటర్లు, బరువు 12 కిలోలు, అటూ ఇటూగా ఉంటుంది. పరుగు వచ్చేస్తుంది కానీ ఆగడం ఇంకా సరిగా రాదు. మెట్లు ఎక్కేటప్పుడు ఒక్కో మెట్టు మీద రెండు పాదాలూ ఆనించాకే పై మెట్టుకు కాలు చాపుతారు. మా మనవరాలు దారిలో ఏరిన కంకర రాళ్లను రెండు గుప్పిళ్లలోనూ బిగించి మెట్ల దగ్గరికి వస్తుంది. రాళ్లు పారేయడానికి ఒప్పుకోదు, కమ్మీ పట్టుకోవడానికి చేయి ఖాళీ ఉండదు. అందుకని మోచేతిని కమ్మీకి ఆనించి, నాలుక కొద్దిగా బయటపెట్టి, ఒక్కో మెట్టూ ఎక్కుతుంది. ఎత్తుకోబోతే ‘నేనే, నేనే’ అంటూ ఒళ్లంతా బిగదీసి చంకలోంచి జారిపోతుంది. రెండంతస్తులకు పావుగంట పడుతుంది. కాలు ఎంత ఎత్తాలి, పట్టు ఎక్కడ చాలుతుంది, ఎక్కడ చాలదు అన్నవన్నీ ఆ పావుగంటలోనే ఒంటికి తెలిసివస్తున్నాయి. లిఫ్టులో తీసుకెళ్లి సోఫాలో కూర్చోబెడితే వీటిలో ఒక్కటీ జరగదు. (పైగా లిఫ్టులో ఉన్న మీటలన్నీ నొక్కుతుంది, పై అంతస్తులవారితో ఆ తగాదా వేరు.)

ఇక గేటు దాటి బయటికి వస్తే మొదట ఎదురయ్యేది కాలిబాట. పెద్ద రోడ్డు మీద మా వైపు కాలిబాట ఉంది, దాన్ని కాదనను. పాత అలవాటు కొద్దీ టేపు పెట్టి కొలిస్తే రోడ్డు నుంచి దాని ఎత్తు అడుగుకు కొంచెం పైనే తేలింది. రోడ్ల కొలతలకు ప్రమాణాలు రూపొందించే ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ 2012 నాటి పాదచారుల మార్గదర్శకాల ప్రకారం, ఇంజినీర్లకు ఐఆర్‌సీ 103గా తెలిసిన పత్రం అది, కాలిబాట ఎత్తు 150 మిల్లీమీటర్లు మించకూడదు, అడ్డంకులేవీ లేని వెడల్పు కనీసం 1.8 మీటర్లు ఉండాలి. నగరంలో చాలా చోట్ల వరద కాలువ కట్టి, దాని మీద పలకలు పరిచి, ఆ పలకలనే కాలిబాట అంటున్నారు. కాలువ గోడ ఎంత ఎత్తు లేస్తే కాలిబాట కూడా అంత ఎత్తు లేస్తుంది. అడుగు ఎత్తంటే రెండేళ్ల పిల్లకు మోకాలు దాటి తొడ వరకు వస్తుంది. అయిదున్నర అడుగుల మనిషికి లెక్క కడితే దాదాపు రెండడుగుల మెట్టుతో సమానం. రెండడుగుల మెట్టు ఎక్కి నడవమంటే మనలో ఎవరమూ ఎక్కం, కింద రోడ్డు మీదే నడుస్తాం. పిల్లతో కూడా అదే జరుగుతోంది.

కష్టపడి ఎక్కించినా పది అడుగులకు మించి సాగదు. ప్రతి గేటు ముందూ కారు దిగడానికి ఇంటివారు పోసుకున్న కాంక్రీటు ర్యాంపు ఉంటుంది, దాని తరువాత ట్రాన్స్‌ఫార్మర్ దిమ్మె, ఆ దిమ్మె పక్కన సరిగ్గా పసిపిల్లల చేతికి అందే ఎత్తులో తలుపు ఊడిన ఫ్యూజు పెట్టె. అక్కడి నుంచి రెండు పలకల మధ్య సందు. నా పాదానికి ఆ సందు తెలియనైనా తెలియదు, పాప పాదం మాత్రం అందులో సాంతం దిగిపోతుంది. లోపలి వీధుల్లో కాలిబాటే లేదు కనుక అక్కడ భయం రెండు చక్రాల బళ్లది, కుక్కలది. 2023 ఫిబ్రవరిలో అంబర్‌పేటలో నాలుగేళ్ల బాలుడు వీధికుక్కల దాడిలో ప్రాణాలు కోల్పోయినప్పటి నుంచి మా వీధిలో చాలా ఇళ్లవారు పసివాళ్లను చేయి వదిలి నడిపించడం మానేశారు. చేయి పట్టుకుని నడిపిస్తే మంచిదే కదా అనవచ్చు. చేయి పట్టుకుంటే ఆ పిల్ల మన నడక నడుస్తుంది, ఆగాలనుకున్న చోట ఆగలేదు, చీమల బారు దగ్గర గొంతుక్కూర్చోలేదు. మధ్యాహ్నానికి ఒళ్లు అలవదు, మనసూ నిండదు.

అసలు గేటు దాటవలసిన అవసరమే లేకుండా చేసే నిబంధన ఒకటి ఎప్పటి నుంచో ఉంది. ఉమ్మడి రాష్ట్రంలో 2012 ఏప్రిల్ 7న జారీ అయిన జీవో 168 భవన నిర్మాణ నియమాలు తెలంగాణ వచ్చాక కూడా సవరణలతో కొనసాగాయి. వాటి ప్రకారం 750 చదరపు మీటర్లు, అంటే ఇంచుమించు 900 గజాలు, మించిన స్థలంలో భవనం కడితే ఆ స్థలంలో 5 శాతాన్ని టాట్‌లాట్‌గానో, అంటే పసిపిల్లల ఆటస్థలంగానో, చెట్లూ పచ్చికా ఉన్న ఖాళీ జాగాగానో వదలాలి, దాని వెడల్పు ఎక్కడా 3 మీటర్లకు తగ్గకూడదు. ఎత్తైన భవనాలకైతే 10 శాతం. వెయ్యి గజాల్లో కట్టిన అపార్ట్‌మెంటులో 50 గజాలన్న మాట. రెండేళ్ల పిల్లకు 50 గజాలు చాలా ఎక్కువ. అందులో నాలుగు బుట్టల ఇసుక, ఒక వేపచెట్టు, రెండు మెట్ల దిమ్మె ఉంటే పొద్దుటి గంటన్నర ఇట్టే గడిచిపోతుంది.

మంజూరైన ప్లాను కాగితం మీద ఈ జాగా ఆకుపచ్చ రంగులో కనిపిస్తుంది. నిర్మాణదారు కట్టిన విస్తీర్ణంలో 10 శాతాన్ని నగరపాలక సంస్థకు తనఖా పెట్టి, ప్లాను ప్రకారమే కట్టారని, ఇక కాపురం ఉండవచ్చని ఇచ్చే ఆక్యుపెన్సీ సర్టిఫికెట్ వచ్చాక విడిపించుకుంటాడు కనుక ఆ పత్రం చేతికొచ్చే దాకా జాగా ఖాళీగానే ఉంటుంది, రెండు కుండీలు కూడా పెడతారు. తరువాత జనరేటర్ వస్తుంది. దాని పక్కకు వాచ్‌మన్ గది, ఆ పక్కన అతిథుల బళ్లు, మిగిలిన మూలలో ఎవరో మరమ్మతు చేయించుకున్నప్పుడు మిగిలిపోయిన టైల్సు, పగిలిన వాష్‌బేసిన్. దీనికి నిర్మాణదారు ఒక్కడినే నిందించి లాభం లేదు, ఎందుకంటే ఆ నిర్ణయాలు చాలావరకు ఆ తరువాత అపార్ట్‌మెంటు సంఘాలు తీసుకున్నవే. నాకు తెలిసిన సంఘాల్లో కారుకు గీత పడితే సర్వసభ్య సమావేశం జరుగుతుంది. పాప మోకాలు గీరుకుపోతే ఎవరింట్లో వారు పసుపు రాసుకుంటారు. చివరికి పిల్లలకు దక్కేది సెల్లార్. స్తంభాల చాటు నుంచి వెనక్కి వచ్చే కారు డ్రైవరుకు 86 సెంటీమీటర్ల మనిషి అద్దంలో కనిపించదన్నది ఎవరికి వారు తమ కారులో కూర్చుని చూసుకోవచ్చు. ‘సెల్లార్‌లో ఆటలు నిషేధం’ అని బోర్డు పెట్టినవారిని నేను తప్పు పట్టను. నిషేధించిన రోజునే టాట్‌లాట్‌లోని జనరేటర్‌ను కూడా పక్కకు జరిపి ఉంటే బాగుండేది.

కాలనీ పార్కుల సంగతి చూద్దాం. చాలా పార్కులను ఉదయపు నడక కోసం తెల్లవారుజామునే తెరిచి, తొమ్మిదికో పదికో తాళం వేసి, మళ్లీ సాయంత్రం నాలుగింటికి తెరుస్తారు. రెండేళ్ల పిల్ల ఏడున్నరకు లేచి, పాలు తాగి, స్నానం చేసి, ఇడ్లీ సగం తిని సగం కింద పారేసి, చెప్పులు కుడి ఎడమలు మార్చి తొడుక్కుని, వాటిని సరిచేయబోతే అలిగి, గడప దాటేసరికి తొమ్మిదిన్నర అవుతుంది. అప్పటికి పార్కు మూసే వేళ. పదకొండున్నరకల్లా నిద్ర వచ్చేస్తుంది కనుక ఆ రెండు గంటలే ఆమె ఒంట్లో సత్తువ పొంగే సమయం, ఆ రెండు గంటలే గేటుకు తాళం. సాయంత్రం తెరిచే వేళకు పదేళ్ల పిల్లల క్రికెట్ మొదలవుతుంది. వారికీ మరో చోటు లేదు కనుక వారినీ ఏమీ అనలేం.

పార్కు లోపలి ఏర్పాట్లు కూడా ఈ వయసును లెక్కలోకి తీసుకుని చేసినవి కావు. జారుడుబల్ల నిచ్చెన మెట్ల మధ్య దూరం అయిదేళ్లు దాటినవారికి సరిపోతుంది. చాలా చోట్ల బల్ల ఇనుప రేకుదే, దాని మీద పందిరి ఉండదు. ఏప్రిల్, మే నెలల్లో ఉదయం తొమ్మిదికే ఆ రేకు చేయి పెట్టలేనంతగా కాలుతుంది, పిల్లలు వేసుకునేదేమో చిన్న లాగు. ఈ మధ్య పార్కుల్లో పెద్దల కోసం ఓపెన్ జిమ్‌లు పెడుతున్నారు, మంచిదే. కానీ ఊగుతూ ఉండే ఆ ఇనుప పాదాలు సరిగ్గా రెండేళ్ల పిల్లల నుదుటి ఎత్తులో తిరుగుతుంటాయి, వాటి చుట్టూ చిన్న కంచె కూడా ఉండదు. అందంగా పెంచిన పచ్చిక ఉన్న చోట ‘గడ్డిపై నడవరాదు’ అన్న పలక ఉంటుంది.

పెద్ద పార్కులు బాగుంటాయి. ఇందిరా పార్కు, సంజీవయ్య పార్కు, నాంపల్లి పబ్లిక్ గార్డెన్స్, యూసుఫ్‌గూడ కృష్ణకాంత్ పార్కు దగ్గర ఇల్లున్నవారు అదృష్టవంతులు. మిగిలినవారు అక్కడికి వెళ్లాలంటే ప్రయాణమే ఒక పూట పని. స్కూటరు మీద తీసుకెళ్లాలంటే, 2022 ఫిబ్రవరిలో ప్రకటించి ఏడాది తరువాత అమల్లోకి తెచ్చిన కేంద్ర మోటారు వాహనాల నియమం ప్రకారం తొమ్మిది నెలల నుంచి నాలుగేళ్ల మధ్య పిల్లలను నడిపేవారికి కట్టి ఉంచే బెల్టు, తలకు సరిపడే హెల్మెట్ ఉండాలి, వేగం 40 కిలోమీటర్లు మించకూడదు. సబబైన నియమమే, కాని ఆ కొలత హెల్మెట్ కోసం ఎన్ని దుకాణాలు తిరగాలో కొన్నవారికి తెలుసు. ఏ వారానికోసారో అయితే ఇవన్నీ సాధ్యం, కానీ మూడు గంటల లెక్క రోజువారీది. మాల్‌లోని ఆట గదుల ఊసెత్తను, అరగంటకు ఇంతని డబ్బు కట్టి నడక కొనుక్కునే స్థితిని పరిష్కారం అనడం నాకు ఇష్టం లేదు.

ఇప్పుడు ఫోన్ దగ్గరికి వస్తాను. పొద్దున్నుంచి రెండు గదుల మధ్య తిరిగిన పిల్లకు రాత్రి ఎనిమిదింటికి ఆకలి ఉండదు, అలసట ఉండదు. కంచం చూడగానే ‘వద్దు’ అంటుంది, పెదవులు బిగిస్తుంది, ముద్ద చేతిలో పెడితే గోడకు రాస్తుంది. ఆఫీసు నుంచి గంటన్నర ట్రాఫిక్‌లో వచ్చిన తల్లి అప్పటికి ఏం చేయగలదు? ఫోన్ తీస్తుంది. బొమ్మలు చూస్తూ నోరు తెరిచిన పిల్ల ఎంత తిన్నదో తల్లికి తెలియదు, ఏం తిన్నదో పిల్లకు తెలియదు. తరువాత నిద్ర రాక పదకొండు దాకా మంచం ఎక్కి దిగుతుంది, మర్నాడు ఆలస్యంగా లేస్తుంది, అప్పటికి పార్కు మూస్తారు. అదే పిల్ల, ఇంటి వెనుక ఖాళీ స్థలంలో జేసీబీ పునాది తవ్వుతున్నదని సాయంత్రమంతా మమ్మల్ని అక్కడికి లాక్కుపోయిన రోజుల్లో, మట్టి గుట్ట పదిసార్లు ఎక్కి దిగి, ఇంటికి రాగానే పెరుగన్నం తనంతట తానే చేత్తో తిని, కంచం పక్కనే కునికిపాట్లు పడింది. ఫోన్ ఎక్కడుందని ఎవరూ వెతకలేదు. ఇది ఒక్క ఇంటి అనుభవమే కావచ్చు, కాని మా గేటు దగ్గర చేరే తాతలు, అమ్మమ్మలు అందరూ ఇదే చెబుతారు. వీధి, సెల్లార్, పార్కు మూడూ మూసుకుపోయాక నాలుగో దారిగా ఫోన్ వస్తోంది. నింద మాత్రం తల్లి ఒక్కతే మోస్తోంది.

ఆ జేసీబీ తవ్విన చోటే ఇప్పుడు అయిదంతస్తులు లేస్తున్నాయి. అక్కడ పనిచేసే ఒక జంటకు మా మనవరాలి ఈడు కొడుకు ఉన్నాడు. వాడికి కదలికలకు కొరత లేదు. ఇసుక, కంకర, పలుగు, పార అన్నీ వాడివే. మా పాప బాల్కనీ కమ్మీల్లోంచి వాడిని అసూయగా చూస్తుంది. కాని వాడు ఆడుకునే ఇసుక కుప్పకు రెండు గజాల దూరంలో మూతలేని సంపు ఉంది, అటు పక్కన మొనలు తేలిన ఇనుప చువ్వలు. 2025లో కొత్త కార్మిక కోడ్‌లు వచ్చే దాకా అమల్లో ఉన్న 1996 నాటి భవన నిర్మాణ కార్మికుల చట్టం ప్రకారం 50 మందికి పైగా మహిళా కార్మికులు పనిచేసే చోట ఆరేళ్లలోపు పిల్లల కోసం గది ఏర్పాటు చేయాల్సి ఉండేది. కాలనీల్లో లేచే అయిదంతస్తుల భవనం దగ్గర అంతమంది మహిళలు ఎన్నడూ ఉండరు కనుక ఆ నియమం వాడిలాంటి పిల్లల దాకా రాలేదు. అలాగే 2025 దాకా అమల్లో ఉన్న, 2017లో సవరించిన ప్రసూతి ప్రయోజన చట్టం 50 మంది, అంతకు మించి ఉద్యోగులున్న సంస్థలు శిశు సంరక్షణ కేంద్రం నడపాలని చెప్పింది. ఇంటిపని చేసే మహిళకు, చిన్న దుకాణంలో పనిచేసే మహిళకు అదీ వర్తించలేదు.

ప్రభుత్వానికి రెండేళ్ల పిల్లలు కనిపించరని నేను అనడం లేదు. 16 నుంచి 24 నెలల మధ్య వేయాల్సిన డీపీటీ బూస్టరు, తట్టు–రుబెల్లా రెండో డోసు, ఆర్నెల్లకోసారి విటమిన్ ‘ఎ’ చుక్కలు ఎప్పుడెప్పుడో ఆశా కార్యకర్త వచ్చి గుర్తు చేసి వెళ్తుంది. అంగన్‌వాడీ నుంచి మూడేళ్లలోపు పిల్లలకు నెలకు 2.5 కిలోల బాలామృతం, 16 గుడ్లు ఇంటికి ఇస్తారు. గోధుమలు, శెనగపప్పు, పాలపొడి, నూనె, చక్కెర కలిపి ఆ పొడిని మా ఇంటికి దగ్గరలోనే, నాచారంలో తయారుచేస్తారు. తిండికీ టీకాకూ ఇంత పకడ్బందీ ఏర్పాటు ఉన్న చోట, ఆ తిన్నది ఒంటబట్టడానికి పిల్ల ఎక్కడ తిరగాలన్న సంగతి ఏ శాఖ పరిధిలోనూ లేదు. అంగన్‌వాడీలో ఆటపాటల బడి మూడేళ్లు నిండినవారికి. 2020 జాతీయ విద్యా విధానం కూడా మూడేళ్ల దగ్గర మొదలవుతుంది, విద్యా హక్కు చట్టం ఆరేళ్ల దగ్గర. ప్రసూతి సెలవు 26 వారాలు. ఆరో నెలకూ మూడో ఏటికీ మధ్య ఉన్న రెండున్నరేళ్లు పూర్తిగా ఇంటివారి పూచీ.

ఈ ఉత్తరం చదివే అధికారులకు నా మనవి పెద్ద ఖర్చుతో కూడినది కాదు. కాలనీ పార్కులను ఉదయం పదకొండున్నర దాకా తెరిచి ఉంచితే అదనంగా అయ్యేది కాపలాదారు సమయం ఒక్కటే. ప్రతి పార్కులో చెట్టు నీడ ఉన్న ఒక మూలను నడుము ఎత్తు కంచెతో వేరుచేసి, అందులో శుభ్రమైన ఇసుక, ఒకటి రెండు మెట్ల దిమ్మె, ప్లాస్టిక్ జారుడుబల్ల పెట్టి, అయిదేళ్లు దాటినవారికి ప్రవేశం లేదని రాస్తే చాలు. ఇసుక అన్నాక పిల్లులూ కుక్కలూ వస్తాయి కనుక రాత్రిపూట కప్పడానికి పట్టా ఒకటి కావాలి. ఈ మాట ఎందుకు రాస్తున్నానంటే, పట్టా కొనకపోవడం వల్ల ఇసుక గుంట మూతపడడం నేను చూశాను. కొత్తగా కాలిబాట వేసే ప్రతి చోటా టెండరు పత్రంలోనే 150 మిల్లీమీటర్ల ఎత్తును షరతుగా చేర్చి, బిల్లు చెల్లించే ముందు కొలవాలి. పాతవాటిని పగలగొట్టమని నేను అడగడం లేదు, వాటికి వీధి మలుపుల దగ్గర వాలు కడితే సరిపోతుంది.

అంగన్‌వాడీల విషయంలో మాత్రం జాగ్రత్తగా రాయాలి, ఎందుకంటే టీచర్ల మీద ఇప్పటికే మోయలేనంత పని ఉంది, నగరంలో చాలా కేంద్రాలు ఒకే ఒక్క అద్దె గదిలో నడుస్తున్నాయి. అయినా బాలామృతం తీసుకోవడానికి, బరువు తూయించడానికి తల్లులు ఎలాగూ పిల్లలను తీసుకొస్తారు. ప్రాంగణం ఉన్న కేంద్రాల్లో, ముఖ్యంగా ప్రభుత్వ పాఠశాలల ఆవరణలో ఉన్నవాటిలో, బడి వదిలాక ఒక గంట మూడేళ్లలోపు పిల్లలను ఇంటి పెద్దలతో పాటు లోపలికి రానిస్తే, టీచరు ఉండవలసిన పని కూడా లేదు. తాళం, దాని బాధ్యత కాలనీ సంఘానికి ఇవ్వవచ్చు. మా కాలనీలో ఆ బాధ్యత తీసుకోవడానికి తాతలు నలుగురైదుగురు సిద్ధంగా ఉన్నారు.

టాట్‌లాట్ గురించి అపార్ట్‌మెంటు సంఘాలకు ఒక్క మాట. మంజూరైన ప్లాను నకలు మీ సంఘం బీరువాలోనే ఉంటుంది. దాన్ని తీసి ఆకుపచ్చ భాగం ఎక్కడుందో, ఇప్పుడు దాని మీద ఏముందో చూడండి. మా సంఘంలో ఈ పని మొదలుపెట్టాం, జనరేటర్‌ను కదిలించడానికి అయ్యే ఖర్చు మీద వాదన ఇంకా తెగలేదు. వాష్‌బేసిన్ ముక్కలు, టైల్సు మాత్రం తీయించాం. అంత మేర నేల బయటపడింది.

చివరగా మీ పత్రికకు ఒక అభ్యర్థన. పిల్లలకు ఫోన్ ఇవ్వవద్దన్న వ్యాసం ఈసారి వేసినప్పుడు ఆ 180 నిమిషాల మాట కూడా దాని పక్కనే వేయండి. నగర ఎడిషన్‌లో వార్డుల వారీగా ఏ పార్కు ఏ వేళల్లో తెరిచి ఉంటుందో, ఎక్కడ నీడ, తాగునీరు, మరుగుదొడ్డి ఉన్నాయో, ఎక్కడ చిన్నపిల్లల కోసం వేరే మూల ఉందో మీ విలేకరుల చేత సేకరించి ప్రచురించండి. పార్కు మూసే వేళను ఎవరు, ఏ ఉత్తర్వు ప్రకారం నిర్ణయిస్తున్నారో కూడా కనుక్కుని రాయగలరని కోరుతున్నాను.

భవదీయుడు,
ఒక పాఠకుడు,
హబ్సిగూడ, హైదరాబాద్.